ప్రతి గుంపు నుంచీ కొన్ని: డేటాలో లాటరీ తీసే పద్ధతులపై ఒక సమీక్ష

2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఎన్నికల సంఘానికి ఒక ఆదేశం ఇచ్చింది. ఓట్ల లెక్కింపులో ప్రతి అసెంబ్లీ సెగ్మెంటు నుంచీ 5 పోలింగ్ కేంద్రాలను లాటరీ తీసి, అక్కడి వీవీప్యాట్ చీటీలను ఓటింగ్ యంత్రంలోని అంకెలతో సరిచూడాలన్నది దాని సారాంశం. అప్పటిదాకా సెగ్మెంటుకు ఒక్క కేంద్రంలోనే సరిచూసేవారు. సగం యంత్రాల్లో సరిచూడాలంటూ చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్షాల నేతలు వేసిన పిటిషన్ మీద ఈ ఆదేశం వచ్చింది. లోక్‌సభ ఓట్ల వరకే చూసుకున్నా ఆంధ్రప్రదేశ్‌లోని 175 సెగ్మెంట్లకు 875 కేంద్రాలు, తెలంగాణలోని 119 సెగ్మెంట్లకు 595 కేంద్రాలు ఇలా లాటరీలో తేలాలి.

డేటాతో పనిచేసేవాళ్లకు ఈ ఆదేశం బాగా తెలిసిన పనిలా కనిపిస్తుంది. పోలింగ్ కేంద్రాల పట్టికను సెగ్మెంటు వారీగా గుంపులు చేసి, ప్రతి గుంపు నుంచీ 5 రికార్డులు యాదృచ్ఛికంగా తీయాలి, అంతే. బ్రాంచికి 20 వోచర్లు చూడాల్సిన ఆడిటరు, వార్డుకు 10 ఇళ్లు తిరగాల్సిన సర్వే బృందం, ఒక్కో రకానికి 500 బొమ్మలు కావాల్సిన మెషిన్ లెర్నింగ్ ఇంజనీరు కూడా చేసేది ఇదే. ఎస్‌క్యూఎల్, శాస్, ఆర్, పైథాన్, పిగ్, స్పార్క్ ఒక్కొక్కటీ ఈ పనికి తనదైన దారి చూపిస్తాయి. ఆ దారులను పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో చూడటం ఈ వ్యాసం పని. అన్నిటినీ చూశాక నాకు ముఖ్యమనిపించిన మాట ఒకటుంది. ఏ భాషలో తీసినా సరే, తీసిన ప్రతి రికార్డు పక్కన దాని గుంపులో మొత్తం ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని తీశామో రాసి ఉండాలి. ఆ రెండు సంఖ్యలు పోయాక ఆ నమూనా నుంచి మొత్తం గురించి ఏమీ చెప్పలేం.

గుంపు లోపలే లాటరీ ఎందుకు

ఒక మండలంలో మూడు బడులున్నాయనుకుందాం. మొదటిదానిలో 900 మంది పిల్లలు, రెండోదానిలో 90, మూడోదానిలో 10. మొత్తం 1000 మంది పేర్లూ ఒకే డబ్బాలో వేసి 100 చీటీలు తీస్తే, మూడో బడి నుంచి ఒక్క పేరూ రాకపోయే అవకాశం దాదాపు 35 శాతం. లాటరీ నిజాయితీగానే జరిగింది, అయినా చిన్న గుంపు మాయమైంది. ఆ బడి గురించి కూడా మాట్లాడాల్సి ఉంటే దాని చీటీలకు వేరే డబ్బా పెట్టక తప్పదు.

అలాగని లాటరీ మానేసి, చూడగానే మొత్తానికి ప్రతినిధుల్లా కనిపించేవాటిని మనమే ఏరుకుంటే? ఇటలీలో ఆ పని చేసి చూశారు. 1921 జనగణన కాగితాలను తీసేయాల్సి వచ్చినప్పుడు, ఒక నమూనానైనా దాచాలని కొరాడో జీని, లుయీజీ గల్వాని అనే గణాంకవేత్తలు 214 జిల్లాల్లోంచి 29 జిల్లాలను ఏరారు. ఏడు లక్షణాల్లో వాటి సగటు దేశం సగటుతో సరిపోయేలా జాగ్రత్తపడ్డారు. ఆ ఏడూ సరిపోయాయి. మిగతా లక్షణాలు తీసి చూస్తే పెద్ద పెద్ద తేడాలు బయటపడ్డాయి. 1934లో యెర్జీ నేమన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీకి సమర్పించిన ప్రసిద్ధ పత్రంలో ఈ అనుభవాన్నే విశ్లేషించి, జనాభాను ముందు గుంపులుగా విడదీసి, ఆ తర్వాత ఒక్కో గుంపు లోపల లాటరీ తీయడమే నమ్మదగిన దారి అని నిరూపించాడు. మన దేశంలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ చొరవతో 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే కూడా గుంపులుగా విడదీసి, అంచెలంచెలుగా లాటరీ తీసే పద్ధతి మీదే నడుస్తోంది.

ఎన్ని తీయాలి

కోడ్ రాయకముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. దీనికి మూడు జవాబులు వాడుకలో ఉన్నాయి.

మొదటిది సమానంగా తీయడం, అంటే గుంపు పెద్దదైనా చిన్నదైనా అన్నేసే. గుంపులను ఒకదానితో ఒకటి పోల్చాలంటే ఇది మంచిది. రెండోది నిష్పత్తిగా తీయడం, అంటే ప్రతి గుంపు నుంచీ 10 శాతం. మొత్తం సగటు తెలుసుకోవాలంటే ఇది సులువు. మూడోది నేమన్ చెప్పిన పంపకం. గుంపు ఎంత పెద్దదైతే, దాని లోపల విలువలు ఎంత చెల్లాచెదురుగా ఉంటే, అంత ఎక్కువ తీయాలి. ఈ సూత్రాన్ని రష్యన్ గణాంకవేత్త అలెగ్జాండర్ చుప్రోవ్ 1923లోనే చెప్పాడు. అందరూ ఒకేలా ఉన్న గుంపు నుంచి పదిమంది చాలు. తేడాలెక్కువ ఉన్న గుంపుకు వందమంది కావాలి.

సమానంగా తీసినప్పుడు ఒక చిక్కు వస్తుంది. పై మూడు బడుల నుంచి తలా 10 మందిని తీశాం. సగటు మార్కులు వరుసగా 60, 40, 20 వచ్చాయి. ఆ 30 మందినీ కలిపి సగటు తీస్తే 40. మండలం అసలు సగటుకు సరైన అంచనా మాత్రం 57.8. ఎందుకంటే మొదటి బడి నుంచి వచ్చిన ఒక్కో పిల్లవాడు 90 మందికి ప్రతినిధి, మూడో బడి పిల్లవాడు తనకొక్కడికే ప్రతినిధి. ప్రతి రికార్డునూ అది ఎన్నిటికి ప్రతినిధో ఆ సంఖ్యతో గుణించాలన్న ఆలోచనకు 1952లో హార్విట్జ్, థాంప్సన్ సాధారణ రూపం ఇచ్చారు. జాతీయ నమూనా సర్వే విడుదల చేసే డేటాలో ప్రతి వరుస పక్కనా కనిపించే మల్టిప్లయర్ ఇదే. దాన్ని పక్కన పెట్టి సగటు తీస్తే మన దగ్గరున్న 40 లాంటి అంకె వస్తుంది. ఆ అంకె మొత్తం గురించి నిజం చెప్పదు.

వీవీప్యాట్ లెక్కకు మళ్లీ వద్దాం. దేశం మొత్తానికి 479 యంత్రాలు లాటరీ తీసి సరిచూస్తే చాలని నిపుణుల నివేదిక ఒకటి 2019లో ఎన్నికల సంఘానికి అందింది. లెక్క సరళమైనదే. నూటికి 2 యంత్రాల్లో తేడా ఉందనుకుంటే, 479లో ఒక్కటైనా దొరికే అవకాశం 99.99 శాతం దాటుతుంది. అదే ఒక సెగ్మెంటులో 250 కేంద్రాలుండి, వాటిలో 5 చోట్ల తేడా ఉందనుకోండి. అదీ నూటికి 2 వంతే. అక్కడ 5 కేంద్రాలు లాటరీ తీస్తే ఒక్కటైనా దొరికే అవకాశం 10 శాతంలోపే. రెండు లెక్కల్లోనూ తప్పు లేదు. మొదటిది దేశం గురించి చెబుతుంది, రెండోది ఒక సెగ్మెంటు గురించి చెబుతుంది. గుంపుకు ఎన్ని తీయాలన్న ప్రశ్నకు జవాబు ఎవరి గురించి మాట్లాడదలచుకున్నామన్న దానిలోనే ఉంది. దీన్ని ప్రోగ్రామరు మీద వదిలేయకూడదు. ఫలితాన్ని వాడుకునేవాళ్లు ముందే కూర్చుని తేల్చుకోవాలి.

తీసే దారులు మూడు

భాషలు ఎన్నున్నా లోపల జరిగేది మూడు పద్ధతుల్లో ఒకటి.

మొదటిది ర్యాండమ్ నంబరు అతికించి వరుసపెట్టడం. ప్రతి రికార్డుకూ 0, 1 మధ్య ఒక ర్యాండమ్ సంఖ్య ఇచ్చి, గుంపు లోపల ఆ సంఖ్య ప్రకారం వరుసలో పెట్టి, ముందున్న n రికార్డులు తీసుకోవాలి. సులువుగా అర్థమవుతుంది, గుంపుకు సరిగ్గా n వస్తాయి. ఖర్చు మాత్రం పట్టిక మొత్తాన్నీ వరుసపెట్టడం.

రెండోది రిజర్వాయర్ పద్ధతి. డేటా ఒక్కసారే మన ముందునుంచి పారుతుంది, మొత్తం ఎన్నో ముందు తెలియదు. గుంపులో మొదటి n రికార్డులను దగ్గర పెట్టుకుంటాం. ఆ తర్వాత k-వ రికార్డు వచ్చినప్పుడు n/k అవకాశంతో దాన్ని లోపలికి తీసుకుని, ఉన్నవాటిలో ఒకదాన్ని లాటరీ ప్రకారం బయటికి పంపుతాం. ఎక్కడ ఆపినా అప్పటిదాకా చూసిన ప్రతి రికార్డుకూ సమాన అవకాశమే దక్కుతుంది. n విలువ 1 అనుకుని చూస్తే రుజువు తేలిక. మూడో రికార్డు వచ్చేసరికి మొదటిది మిగిలి ఉండే అవకాశం 1/2ను 2/3తో గుణించినంత, అంటే 1/3. డొనాల్డ్ కనూత్ తన గ్రంథంలో ఈ పద్ధతిని అలన్ వాటర్‌మన్ పేర చెప్పాడు. 1985లో జెఫ్రీ విట్టర్ దీన్ని విశ్లేషించి వేగం పెంచాడు. గుంపుల వారీగా చేయాలంటే గుంపుకో రిజర్వాయర్ చాలు. జ్ఞాపకంలో పట్టే చోటు గుంపుల సంఖ్యను nతో గుణించినంత, అంతకు మించదు. డేటా కోటి వరుసలైనా, వంద కోట్లైనా అంతే.

మూడోది నాణెం ఎగరేయడం. ప్రతి రికార్డునూ విడిగా, 10 శాతం అవకాశంతో తీసుకోవడమో వదిలేయడమో. దీనికి వరుసపెట్టే పని లేదు, ఏదీ గుర్తుంచుకోనక్కర్లేదు, వంద యంత్రాల మీద ఒకేసారి జరపవచ్చు. కాకపోతే ఎన్ని వస్తాయో ముందు చెప్పలేం. 1000 ఉన్న గుంపు నుంచి సగటున 100 వస్తాయి గానీ 81 రావచ్చు, 119 రావచ్చు. 10 ఉన్న గుంపు నుంచి అసలేమీ రాకపోయే అవకాశం మళ్లీ 35 శాతం. గుంపుల వారీగా తీయడానికి మనం చెప్పుకున్న కారణమే ఇక్కడ దెబ్బతింటుంది.

ఏ భాషలో ఎలా

ఎస్‌క్యూఎల్‌లో వరుసపెట్టే పద్ధతే రాజ్యమేలుతుంది. 'రో నంబర్' అనే ఫంక్షన్‌కు 'పార్టిషన్ బై'తో గుంపు చెప్పి, 'ఆర్డర్ బై'లో ర్యాండమ్ ఫంక్షన్ పెట్టి, వచ్చిన సంఖ్య 5 లేదా అంతకంటే తక్కువ ఉన్న వరుసలను మాత్రం ఉంచుకోవాలి. ఈ విండో ఫంక్షన్లు ఎస్‌క్యూఎల్ 2003 ప్రమాణంలో ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లోకి 2009లో, మైఎస్‌క్యూఎల్‌లోకి 2018లో వచ్చాయి. ర్యాండమ్ ఫంక్షన్ ప్రవర్తన మాత్రం డేటాబేస్‌ను బట్టి మారుతుంది. పోస్ట్‌గ్రెస్ 'ర్యాండమ్' ప్రతి వరుసకూ కొత్త సంఖ్య ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ర్యాండ్' మొత్తం క్వెరీకి ఒకే సంఖ్య ఇస్తుంది. అంటే అన్ని వరుసలకూ ఒకే చీటీ, లాటరీయే జరగదు. అక్కడ 'న్యూ ఐడీ' వాడాలి. 'టేబుల్ శాంపుల్' అనే సదుపాయం ఉంది కదా అనుకుంటే, అది పట్టిక మొత్తం మీద పనిచేస్తుంది, దానికి గుంపులు తెలియవు.

ఎస్‌క్యూఎల్‌లో మరో అపోహ కూడా ఉంది. మైఎస్‌క్యూఎల్ పాత రూపాల్లో గుంపు కట్టి, మిగతా కాలమ్‌లు ఊరికే అడిగితే ఏదో ఒక వరుస విలువ వచ్చేది. వరుసక్రమం చెప్పకుండా 'లిమిట్' పెట్టినా అంతే, ఏవో కొన్ని వస్తాయి. వాటిని లాటరీ అనుకోవడం పెద్ద పొరపాటు. అవి సాధారణంగా డిస్కు మీద ముందున్న వరుసలు, అంటే తరచుగా అన్నిటికన్నా పాతవి. పాత ఖాతాలు, పాత రోగులు, పాత ఫిర్యాదులే నమూనాలోకి వస్తే, ఇప్పటి పరిస్థితి గురించి మనం చెప్పేదంతా తప్పవుతుంది.

ఈ పనిని గణాంకశాస్త్రం కళ్లతో చూసిన సాధనం శాస్. అందులోని 'సర్వే సెలెక్ట్' ప్రొసీజరుకు గుంపుల కాలమ్ 'స్ట్రాటా'గా చెప్పి, ఎన్ని కావాలో చెబితే సరిపోతుంది. ముందుగా డేటాను గుంపు వారీగా వరుసపెట్టి ఇవ్వాలి. గుంపులో అడిగినన్ని రికార్డులు లేకపోతే ఆగి తప్పు చూపిస్తుంది. ఉన్నవన్నీ తీసుకో అని మనం విడిగా చెబితేనే ముందుకు సాగుతుంది. అన్నిటికన్నా నచ్చేది మరొకటి. గుంపుల వారీగా తీసినప్పుడు, ఫలితంలో ప్రతి రికార్డు పక్కనా అది ఎంపికయ్యే అవకాశాన్నీ, దాని బరువునూ (పైన చెప్పుకున్న మల్టిప్లయర్) తనే రాసి ఇస్తుంది. మిగతా భాషలన్నీ నేర్చుకోవాల్సిన పాఠం ఇది.

ఆర్‌లో 'డీప్లైయర్' ప్యాకేజీ వాడేవాళ్లకు 'గ్రూప్ బై' తర్వాత 'స్లైస్ శాంపుల్' అంటే చాలు. ఇది 2020లో వచ్చింది. దానికి ముందున్న 'శాంపుల్ ఎన్', గుంపు చిన్నదైతే తప్పు చూపించి ఆగేది. కొత్తది ఉన్నన్ని తీసుకుని మౌనంగా ముందుకు పోతుంది. సౌకర్యమే, కానీ గుంపుకు 10 అడిగి 4 వచ్చినచోట ఎవరూ హెచ్చరించరు, మనమే చూసుకోవాలి. ఆర్ మూల ఫంక్షన్ 'శాంపుల్'లో ఇంకా లోతైన గుంత ఉంది. దానికి వరుస సంఖ్యల జాబితా ఇస్తే అందులోంచి తీస్తుంది. జాబితాలో ఒకే సంఖ్య ఉంటే, ఉదాహరణకు 57 మాత్రమే ఉంటే, 1 నుంచి 57 వరకు ఉన్న సంఖ్యల్లోంచి ఒకటి తీస్తుంది. ఒకే రికార్డున్న గుంపు దగ్గర ఇది వేరే గుంపు రికార్డును తెచ్చి చేతిలో పెడుతుంది, తప్పు కూడా చూపించదు. ఆర్ సహాయ పత్రంలో ఈ విషయం స్పష్టంగా రాసి ఉంది. గుంపుల వారీగా చేతితో కోడ్ రాసే ప్రతివారూ దాన్ని చదవాలి.

పైథాన్ పాండాస్‌లో 'గ్రూప్ బై' మీద నేరుగా 'శాంపుల్' పిలిచే వీలు 2020లో 1.1 వెర్షన్‌తో వచ్చింది. గుంపులో అడిగినన్ని లేకపోతే ఇది ఆగి తప్పు చూపిస్తుంది. అంతకుముందు 'అప్లై' లోపల ఒక్కో గుంపుకూ విడిగా శాంపుల్ తీసేవారు, ఇప్పటికీ చాలా కోడ్ అలాగే ఉంది. అక్కడ ఫలితం మళ్లీ అదే రావాలని ప్రతి గుంపుకూ ఒకే సీడ్ సంఖ్య ఇస్తే ఏమవుతుంది? ఒకే పరిమాణమున్న గుంపులన్నిట్లో ఒకే స్థానాల్లోని రికార్డులు వస్తాయి. ప్రతి దుకాణానికీ 365 రోజుల అమ్మకాలు తేదీ వారీగా ఉంటే, అన్ని దుకాణాల నుంచీ అవే తేదీలు. ఆ తేదీల్లో సంక్రాంతి పడితే అమ్మకాలు అంతటా ఆకాశాన్నంటినట్టు కనిపిస్తాయి. ఒక్కో గుంపును విడిగా చూస్తే లాటరీ సక్రమమే, అన్నీ కలిపితే చెడిపోయింది.

గుంపు పేరే లేని రికార్డుల సంగతి ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. జిల్లా గడి ఖాళీగా ఉన్న వరుసలను ఎస్‌క్యూఎల్, డీప్లైయర్ ఒక ప్రత్యేక గుంపుగా చూస్తాయి. పాండాస్ మనం వద్దని చెప్పకపోతే వాటిని వదిలేస్తుంది. చిరునామా లేనివాళ్లు, వలస వచ్చినవాళ్లు, కులం గడి నింపనివాళ్లు ఇలాగే నమూనా నుంచి జారిపోతారు. వాళ్ల గురించే ఎక్కువ తెలుసుకోవాల్సిన సర్వేల్లో ఈ జారుడు క్షమించరానిది.

పెద్ద డేటా సాధనాల్లో సమస్య వేరు. యాహూలో పుట్టిన పిగ్‌లో 'గ్రూప్' చేస్తే ఒక్కో గుంపూ ఒక సంచిగా వస్తుంది. 'శాంపుల్' అనే ఆజ్ఞ శాతం లెక్కన నాణెం ఎగరేస్తుంది గానీ సంచి లోపల పనిచేయదు. సంచిలోని రికార్డులకు ర్యాండమ్ సంఖ్య అతికించి, వరుసపెట్టి, లిమిట్ పెట్టడం ఒక దారి. ఒక గుంపులో కోట్ల రికార్డులుంటే ఆ సంచి అంతా ఒకే యంత్రం మీద పడి అది కుంగిపోతుంది. లింక్డ్‌ఇన్ ఇంజనీర్లు తయారుచేసిన డేటాఫూ లైబ్రరీలోని రిజర్వాయర్ ఫంక్షన్ ఇలాంటి చోట ఆదుకుంటుంది. దీని వెనకున్న సూత్రం అందమైనది. ప్రతి యంత్రమూ తన దగ్గరున్న ముక్కలో గుంపుకు అతి చిన్న ర్యాండమ్ సంఖ్యలున్న n రికార్డులను మాత్రమే ఉంచుకుంటుంది. చివర్లో వాటిని కలిపి, మళ్లీ అతి చిన్న n తీస్తే, మొత్తం మీద లాటరీ తీసినట్టే. యంత్రాల మధ్య కదిలే డేటా కొద్దిపాటిదే. స్పార్క్‌లోని 'శాంపుల్ బై' గుంపుకో శాతం తీసుకుంటుంది గానీ నాణెం పద్ధతిలో పోతుంది. సంఖ్య కచ్చితంగా కావాలంటే అదే స్పార్క్‌లో 'శాంపుల్ బై కీ ఎగ్జాక్ట్' ఉంది, దానికి డేటాను అదనంగా తిరగేయాల్సి వస్తుంది.

కలపడం సరిగా జరిగిందా

చీటీలు సరిగా కలవకపోతే ఏమవుతుందో 1969 డిసెంబరు 1న అమెరికా చూసింది. వియత్నాం యుద్ధానికి యువకులను పిలిచే క్రమం తేల్చడానికి, సంవత్సరంలోని 366 పుట్టిన తేదీలను గొట్టాల్లో పెట్టి లాటరీ తీశారు. నెలల వారీగా డబ్బాలో వేసిన గొట్టాలు బాగా కలవలేదు. ఏడాది చివరి నెలల్లో పుట్టినవారికి ముందు పిలుపు వచ్చే సంఖ్యలు ఎక్కువగా పడ్డాయి. గుంపుల క్రమం లాటరీలోకి చొరబడిందన్నమాట. మరుసటి ఏడాది పద్ధతి మార్చారు.

కోడ్‌లోనూ ఇదే జరుగుతుంది. రెండు రికార్డులను పోల్చేటప్పుడు ఏది ముందో నాణెం వేసి చెప్పే ఫంక్షన్ రాసి, దానితో వరుసపెడితే కలిసిపోతాయని చాలామంది అనుకుంటారు. 2010లో యూరప్ వినియోగదారులకు బ్రౌజర్ ఎంచుకోమని మైక్రోసాఫ్ట్ చూపిన తెరలో ఇదే పద్ధతి వాడారు. కొన్ని బ్రౌజర్లు కొన్ని స్థానాల్లోనే ఎక్కువగా వస్తున్నాయని బయటివాళ్లు లెక్కగట్టి చూపాక దాన్ని సరిచేశారు. సరైన దారి ముందే ఉంది. ప్రతి రికార్డుకూ ఒకే ఒక్క ర్యాండమ్ సంఖ్య ఇచ్చి వరుసపెట్టాలి, లేదా ఫిషర్, యేట్స్ 1938లో చెప్పిన కలిపే పద్ధతి వాడాలి.

మళ్లీ తీస్తే అవే రావాలి

లాటరీని ఎవరైనా ప్రశ్నిస్తే మళ్లీ తీసి చూపించగలగాలి. అందుకే సీడ్ ఇస్తాం. సీడ్ ఒక్కటే చాలదు. డేటాబేస్ వరుసలను ఏ క్రమంలో ఇస్తుందో హామీ లేదు. క్రమం మారితే అదే సీడ్ వేరే రికార్డులను తెస్తుంది. 2019లో ఆర్ 3.6 వెర్షన్ 'శాంపుల్' లోపలి పద్ధతిలో ఉన్న చిన్న పక్షపాతాన్ని సరిచేసింది. మంచి మార్పే, కానీ పాత సీడ్లు పాత ఫలితాలు ఇవ్వడం మానేశాయి. కాబట్టి సీడ్‌తో పాటు వెర్షన్ కూడా రాసుకోవాలి, తీసేముందు డేటాను మారని గుర్తింపు సంఖ్య ప్రకారం వరుసపెట్టాలి. ఇంకా గట్టి దారి కావాలంటే, ప్రతి రికార్డు గుర్తింపు సంఖ్యకూ ఒక రహస్య పదాన్ని కలిపి, మంచి హ్యాష్ ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చి, గుంపులో అతి చిన్నవాటిని తీయాలి. ఏ భాషలో, ఏ యంత్రం మీద, ఏ క్రమంలో నడిపినా అవే రికార్డులు వస్తాయి. లాటరీ అయ్యాక ఆ పదాన్ని బయటపెడితే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

చివరగా

ఇన్ని పద్ధతులు చూశాక ఎంపిక కష్టమేమీ కాదు. డేటా ఒక డేటాబేస్‌లో పట్టేదైతే విండో ఫంక్షన్, ఒకేసారి పారేదైతే రిజర్వాయర్, వంద యంత్రాల మీదున్నదైతే ముక్కలుగా తీసి కలిపే పద్ధతి. నాణెం పద్ధతిని పెద్ద గుంపులకే వాడాలి. తీసిన తర్వాత గుంపుల సంఖ్య ముందూ వెనకా ఒకటేనా, ఏ గుంపులో అడిగినదానికన్నా తక్కువ వచ్చాయి, పేరు లేని గుంపు ఏమైంది అనే మూడు ప్రశ్నలకు జవాబులు అచ్చు వేసి చూసుకోవాలి. వీటికి పట్టేది నిమిషం పని.

ఆ తర్వాత, గుంపు మొత్తం సంఖ్యనూ, తీసిన సంఖ్యనూ రెండు కాలమ్‌లుగా ఫలితంలో చేర్చాలి. శాస్ ఈ రెండిటి నిష్పత్తిని బరువు రూపంలో తనంతట తానే రాస్తుంది. మిగతా చోట్ల కోడ్‌లో రెండు వరుసలు అదనంగా రాస్తే సరిపోతుంది. మన నమూనాల మీద ఆధారపడి బడులకు డబ్బు కేటాయిస్తారు, మందుల నాణ్యత నిర్ణయిస్తారు, ఓట్ల లెక్కను నమ్ముతారు. ఆ నిర్ణయాలు ఎవరి బతుకుల మీద పడతాయో వాళ్లెవరూ మన కోడ్ చూడరు. ఫలితాన్ని అందుకున్న మనిషి ఆ రెండు సంఖ్యలు చూసి లెక్కను సరిచేసుకోగలగాలి, సందేహం వస్తే మనల్ని నిలదీయగలగాలి. ఆ వీలు కల్పించడం లాటరీ తీసినవాళ్ల బాధ్యత.